అమ్మ కూలి 40 సెంట్లు

ఇలా జరుగు అమ్మడూ, కొబ్బరి పీచు పొగకి దోమలు రావు. న్యూయార్క్‌లో సర్కార్లని నిలదీసిన ఆడవాళ్ల సంగతి అడిగావు కదా, మా అమ్మ కూలి దగ్గర ఎత్తుకోవాలి అది.

అమ్మ మలయాలోని పేరాక్‌లో రబ్బరు పాలు గీసేది. చీకటితోనే లేచి, చంటిదాన్ని తోట ఆయమ్మకి అప్పజెప్పి, కత్తీ బకెట్టూ పట్టుకుని పోయేది. బెరడుని ఏటవాలుగా, పల్చగా గీయాలి. కాస్త లోతు దిగితే చెట్టుకి దెబ్బ, ఆపైన కూలీల మీద అజమాయిషీ చేసే కంగాణి తిట్లు. నాన్న గీసేవీ అవే చెట్లు. అయినా 1920ల చివర్లో కట్టిన కూలి మగాడికి రోజుకి 50 సెంట్లు, ఆడదానికి 40. కంగాణి కక్కుర్తి అనుకునేవు, సర్కారే రాసిపెట్టిన లెక్క అది! కాయితం మీద రాసిన అన్యాయాన్ని కాయితం మీదే కొట్టెయ్యాలని నాకు అప్పటినుంచే పట్టుదల.

నేను పంతులమ్మనయ్యే రోజులకి రసమ్మ భూపాలన్ గారు 1960లో ఆడ టీచర్లకి సంఘం కట్టి, సమాన జీతానికి పట్టుబట్టారు. నేతాజీ ఝాన్సీరాణి దళంలో పనిచేసినావిడ, ఆఫీసర్లకి బెదురుతారా? 1969 నాటికి సర్కారు కొలువుల్లో ఆడా మగా జీతం ఒకటైంది.

ఐక్యరాజ్యసమితి వాళ్లు ఆడవాళ్ల పట్ల వివక్ష కూడదని 1979లో ఒప్పందం చేశారు, సీడా అంటారు. మన మలేషియా అందులో చేరింది 1995లో, అదీ కొన్ని షరతులు పెట్టి. చేరిన ప్రతి సర్కారూ 23 మంది నిపుణుల కమిటీ ముందు తన లెక్క చెప్పాలి. సర్కారు మనిషి అన్నీ బావున్నాయనే అంటాడు, మరి కాదనేదెవరు? శాంతి డైరియం గారు పట్టుకున్నది సరిగ్గా అక్కడే. 1993లో కౌలాలంపూర్‌లో సంస్థ పెట్టి, దేశదేశాల ఆడవాళ్లకి తమ నివేదిక తామే రాసుకోవడం, నిపుణుల చెవిన వెయ్యడం నేర్పారు. తర్వాత తానే ఆ కమిటీ సభ్యురాలయ్యారు. 2006లో న్యూయార్క్‌లో మన దేశం వంతొచ్చింది. సొంత దేశాన్ని సభ్యులు ప్రశ్నించకూడదు, మిగతావాళ్లే అడగాలి. అడగడానికి మన ఆడసంఘాల నివేదిక వాళ్ల చేతిలో ఉంది. తోటలో పుట్టినదాన్ని, నాకది చాలా గొప్పగా తోచింది.

ఇంటి దగ్గర మాత్రం అంత తేలిగ్గా కాలేదు. 1991లో కడుపుతో ఉందని బియాట్రిస్ ఫెర్నాండెజ్ అనే విమాన పరిచారిక ఉద్యోగం తీసేశారు. 2001లో రాజ్యాంగం 8వ అధికరణంలో ఆడా మగా తేడా చూపకూడదని చేర్చినా, 2005లో పైకోర్టులో ఆమె ఓడిపోయింది. నాకు ఆ రాత్రి కూడు సయించలేదు. 2011లో నూర్‌ఫదిల్లా అనే పిల్ల వచ్చింది. కడుపుతో ఉందని తాత్కాలిక టీచరు పని ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారు. షా ఆలం హైకోర్టు జడ్జి సీడా ఒప్పందాన్ని చూపించి ఆ పిల్లదే న్యాయమంది. న్యూయార్క్ కాయితం మన కోర్టు గుమ్మం తొక్కిందే తల్లీ!

ఇక ఆరుగురు తల్లుల సంగతి. విదేశంలో పుట్టిన బిడ్డకి తండ్రిలాగే తామూ పౌరసత్వం ఇవ్వాలని కోర్టుకెక్కి, 2021లో గెలిచారు, 2022లో పైకోర్టులో ఓడారు. ఆగలేదు. 2024లో పార్లమెంటే రాజ్యాంగం సవరించింది. కానీ అది ఇకమీదట పుట్టే పిల్లలకేనట. ఇప్పటికే పుట్టి బడికి పోతున్నవాళ్లకి లేదట. నువ్వు లా చదువుతున్నావుగా, ఆ పిల్లల సంగతేమిటో చూడవే.