చిట్టాలో చేతిరాత మారిన ఏడు

మా తాతయ్య చిట్టా పుస్తకాలు సన్నగా, పొడుగ్గా, ఎర్రగుడ్డ అట్టలతో ఉంటాయి. తెనాలిలో ఆయన పచారీ కొట్టు మూతపడి చాలా ఏళ్లయింది. పుస్తకాలు మాత్రం మా ఇంట్లో ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. వరుసగా తిరగేస్తుంటే 1957 పుస్తకంలో, శ్రావణమాసం పేజీల దగ్గర, చేతిరాత మారుతుంది. అంతదాకా ఉన్నవి తాతయ్య గొలుసుకట్టు అక్షరాలు. ఆ తరవాతవి గుండ్రంగా, ఒద్దికగా ఉన్నాయి. అవి గుమాస్తావి.

చిట్టా అంటే ఏ రోజు పద్దులు ఆ రోజు రాసుకునేది. అందులోంచి ఒక్కొక్కరి ఖాతా విడదీసి ఎక్కించేది ఆవర్జా. తాతయ్య చిట్టా ఒక్కటే రాసేవాడు. ఆవర్జా ఆయన బుర్రలోనే ఉండేది. కుంచంతో కొలుస్తూ 'ఒకటి' అనకుండా 'లాభం, రెండు, మూడు' అని లెక్కపెడుతూనే, ఎదురుగా నిలబడ్డ మనిషి పాతబాకీ ఎంతో చెప్పేసేవాడట. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆ కూడికలన్నీ నోటిమీదే.

1939లో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం అమ్మకం పన్ను తెచ్చినా, ఏడాదికి 10,000 రూపాయల లోపు వ్యాపారాన్ని వదిలేసింది. అప్పటికి మా కొట్టు దాని జోలికే వెళ్లలేదు. ధరలు పెరిగాయి, కొట్టూ పెరిగింది.

ఇక 1957. సర్కారు లెక్కల ఏడు 1867 నుంచీ ఏప్రిల్ 1నే మొదలవుతోంది. మా ఏడు మొదలయ్యేది ఉగాదికి. ఆసారి రెండూ ఒకే రోజున పడ్డాయి. హేవిళంబి ఉగాదీ ఏప్రిల్ 1నే, నయాపైసలు వచ్చిందీ ఆ రోజే. పావలాకు 25 నయాపైసలంటే సులువే. అణాకు ఆరుంపావు అంటే ఏం చేయాలి? అణాలు, నయాపైసలు కలిసే చెలామణీ అవుతున్నాయి. ఉగాది నాటి పేజీలో తాతయ్య అణాల్లో రాసి, కొట్టేసి, పక్కన నయాపైసల్లో రాసుకున్న పద్దులు పదకొండు లెక్కపెట్టాను. ఆ కొట్టివేతలు చూస్తే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ముప్పై ఏళ్లుగా తడబడని చెయ్యి అది.

అదే ఏడు ఆంధ్రప్రదేశ్ సొంత అమ్మకం పన్ను చట్టం వచ్చింది. కొన్ని సరుకులకు మొదటి అమ్మకం దగ్గరే పన్ను, కొన్నింటికి కొనుగోలు దగ్గర, మిగిలినవాటికి చేయి మారినప్పుడల్లా. కందిపప్పు, సబ్బులు, నూనె ఒకే పద్దులో కలిపి రాస్తే ఇక కుదరదు. అంతకుముందు చిట్టా తాతయ్య తన కోసం రాసుకున్నది. ఇప్పుడు దాన్ని ఇంకొకరు చదవాలి.

గుమాస్తాను పెట్టుకోవాలా వద్దా అని ఇంట్లో రెండు మూడు నెలలు నలిగిందని నాయనమ్మ చెప్పేది. రోజుకో రెండు కొట్ల చొప్పున తిరిగి లెక్కలు రాసే గుమాస్తా ఒకాయన వారానికి రెండు పూటలు వస్తానన్నాడు. నెలకు 15 రూపాయలు. తాతయ్య వెనకాడింది డబ్బుకు కాదు. "ఎవరింట్లో ఎంత అప్పుందో వాడికెందుకే తెలియడం? ఆడపిల్లల పెళ్లిళ్లు కావలసిన ఇళ్లు" అన్నాడట. నాయనమ్మ తెగేసి చెప్పింది: "అర్ధరాత్రి దాకా లాంతరు ముందు కూర్చుంటున్నారు. మీ కళ్లు పోతే ఆ ఇళ్లవాళ్లకు సరుకు ఎవరు తూస్తారండీ?"

చివరికి తాతయ్యే ఒక దారి వెతికాడు. నాకు ఈ పుస్తకాల్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. గుమాస్తా రాసిన ఆవర్జాలో అప్పుల ఖాతాలకు మనుషుల పేర్లు లేవు. 'వేపచెట్టు ఇల్లు', 'బావి సందు', 'నీలం తలుపులు' అని ఉన్నాయి. ఏ తలుపు ఎవరిదో తాతయ్యకూ నాయనమ్మకూ తెలుసు. గుమాస్తా పద్నాలుగేళ్లు అలాగే రాశాడు. ఊళ్లో తిరిగే మనిషి, వేపచెట్టు ఎవరింటి ముందుందో ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఒక్కచోట కూడా అసలు పేరు రాయలేదు.

2005లో వ్యాట్, 2017లో జీఎస్టీ వచ్చేనాటికి మాకు కొట్టే లేదు.

ప్రతి ఉగాదికీ కొత్త పుస్తకం మొదటి పేజీలో పసుపు బొట్టు పెట్టి, 'శ్రీ' మాత్రం తాతయ్యే రాసేవాడు. కింద పద్దులన్నీ గుమాస్తావి. 1972 పుస్తకంలో ఆ 'శ్రీ' పెద్దదిగా, వంకరగా, పలకమీద దిద్దినట్టు ఉంది. అది నాయనమ్మ రాసింది.