పచ్చి దోసముక్కల పూర్వచరిత్ర

తెలుగువారి ఇళ్లలో దోస అనే ఒకే పేరు మీద రెండు వేర్వేరు జాతుల కాయలు చలామణి అవుతున్నాయి. పప్పులోకి, పులుసులోకి, దోసావకాయలోకి వాడే గుండ్రని పసుపుపచ్చ కాయ వాటిలో ఒకటి కాగా, ఉప్పుకారం అద్దుకుని పచ్చిగా తినే, పెరుగులో కలిపే, ఇటీవలి దశాబ్దాల్లో సలాడ్ పళ్లెంలో చక్రాలుగా కనిపించే పొడవాటి ఆకుపచ్చ కీర రెండవది. వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ కుకుమిస్ అనే ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టరికం గల మొక్కల గుంపుకు చెందినవే అయినా, కీర కుకుమిస్ సటైవస్ అనే జాతి, పసుపు దోస మాత్రం ఖర్బూజా చేరిన కుకుమిస్ మెలో అనే జాతి. కీర కణాల్లో 14 క్రోమోజోములు, దోస కణాల్లో 24 ఉంటాయి గనుక పక్కపక్క పాదుల్లో పెరిగినా ఇవి ఒకదానితో ఒకటి సంకరం కావు. ఇంట్లో చేసుకునే కీర సలాడ్‌ను పాశ్చాత్యుల నుంచి వచ్చిన అలవాటుగా భావించడం పరిపాటి అయింది. ఈ రెండు కాయల గతాన్ని కలిపి చదివినప్పుడు, పేరు మటుకే అక్కడి నుంచి వచ్చిందని, పచ్చి ముక్కకు ఉప్పు, పులుపు, ఘాటు పట్టించి అన్నం పక్కన పెట్టుకునే పద్ధతి ఇక్కడ చాలా ముందునుంచే ఉన్నదని స్పష్టమవుతుంది.

కీరకు పుట్టినిల్లు భారతదేశం. దీని అడవి రూపం హిమాలయ పాదప్రాంతాల్లో నేటికీ తీగలుగా అల్లుకుని, చిన్నవీ మిక్కిలి చేదైనవీ అయిన కాయలు కాస్తుంది. 115 రకాల కీరల జన్యువులను పోల్చి 2013లో ప్రకటించిన పరిశోధనలో భారతీయ రకాల వైవిధ్యం మిగిలిన ప్రాంతాల రకాలకంటే ఎంతో ఎక్కువని తేలింది; ఒక పంట ఎక్కడ పుట్టిందో అక్కడే దాని వైవిధ్యం అధికంగా నిలుస్తుందన్న సూత్రానికి ఇది చక్కని నిదర్శనం. ఖర్బూజా, పసుపు దోసల జాతిని చాలాకాలం ఆఫ్రికాకు చెందినదిగా లెక్కించారు గాని, 2010లో వెలువడిన మరొక పరిశోధన దాని మూలాలను కూడా ఆసియా వైపే చూపింది.

ఆ అడవి కాయ కూరగాయగా మారడంలో ప్రధానమైన ఘట్టం చేదు పోవడం. కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు మొక్కకు రక్షణ కవచాలు. కాయను పశువులు, పురుగులు ముట్టకుండా చేసేవి అవే. కాయలో చేదు పుట్టించే జన్యువును, మానవుని ఎంపిక వల్ల అది అణగిన తీరును 2014లో శాస్త్రజ్ఞులు వివరించారు. దీని అర్థం ఏమంటే, ఎన్నో తరాల పాటు రైతు కుటుంబాలు కాయను కొరికి చూసి, చేదు లేని కాయ గింజనే దాచిపెట్టి, మళ్లీ దానినే నాటడం వల్ల నేటి కీర రూపొందింది. ఆ ఎంపిక నేటికీ ముగియలేదు. దోసకాయ తరిగే ముందు చిన్న ముక్క నాలుక మీద వేసుకుని చేదు చూడడం తెలుగు వంటింట్లో ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే అబ్బే అలవాటు. చేదుగా ఉన్న ఒక్క కాయ గిన్నెడు పచ్చడిని పాడుచేస్తుందన్న అనుభవమే ఆ జాగ్రత్తను నిలబెట్టింది.

ప్రాచీన గ్రంథాల్లో ఈ కాయల ప్రస్తావనను చదివేటప్పుడు రెండు జాతులున్నాయన్న సంగతిని మరువరాదు. ఋగ్వేదం ఏడవ మండలంలోని మృత్యుంజయ మంత్రం, తొడిమ నుంచి విడివడే ఉర్వారుకాన్ని ఉపమానంగా తీసుకున్నది. పండిన తరువాత తనంతట తాను తొడిమ వదలడం ఖర్బూజా జాతి కాయల లక్షణమే తప్ప కీర లక్షణం కాదు గనుక, తెలుగు వ్యాఖ్యాతలు దానిని దోసపండుగా వివరించడం మొక్క స్వభావానికి సరిపోతున్నది. చరకసంహిత త్రపుసం, ఏర్వారుకం అని రెండు పేర్లను విడివిడిగా వాడింది. ఆయుర్వేద సంప్రదాయం వీటిని శరీరానికి చలువ చేసేవిగా, మూత్రాన్ని జారీ చేసేవిగా పరిగణించింది. మధ్యధరా ప్రాంతపు గ్రంథాల్లోనూ ఇదే చిక్కు ఉన్నది. రోమన్ చక్రవర్తి టైబీరియస్ ఏడాది పొడవునా ప్రతిదినం తిన్నాడని ప్లినీ రాసిన కాయను కీరగా అనువదించడం ఆనవాయితీ అయినా, అది పొడవుగా వంకర తిరిగి పెరిగే ఒక రకం ఖర్బూజా అని ఆ కాలపు చిత్రాలను, వర్ణనలను పరిశీలించిన పండితులు నిర్ధారించారు. అసలు కీర ఐరోపాకు ఆ తరువాతి శతాబ్దాల్లోనే చేరింది.

తెలుగు నేలమీద దోస వేసవి పంటగా స్థిరపడింది. కృష్ణ, పెన్న, తుంగభద్ర వంటి నదుల్లో నీరు తగ్గిన తరువాత తేలిన ఇసుక మేటల్లో గుంతలు తీసి, ఎరువు వేసి, దోస, పుచ్చ, ఖర్బూజా పాదులు పెట్టడం పాత వ్యవసాయ పద్ధతి. ఎండలు ముదిరి ఆకుకూరలు వాడిపోయే రోజుల్లో, సుమారు 95 శాతం నీరే ఉన్న కాయ చేతికి రావడం వల్ల దానికి ఆ కాలపు భోజనంలో ప్రత్యేక స్థానం దక్కింది. 1509 నుంచి 1529 వరకు పాలించిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి ఆతిథ్యాన్ని ఋతువుల వారీగా వర్ణిస్తూ వేసవికి పలుచని అంబలి, పళ్లు, చల్లని నీళ్లు, వడపిందెలు, నీరు కలిపిన మజ్జిగ ఎంచుకున్నాడు. ఉడుకు తగ్గించే నీటి పదార్థాలకే అందులో పెద్దపీట.

ఆ కాలపు ఘాటు మిరపకాయది కాదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా 16వ శతాబ్దంలో ఈ దేశానికి చేరి క్రమంగా వ్యాపించింది గనుక, అంతకు ముందు పచ్చి ముక్కకు పట్టించగల ఘాటు మిరియాలు, అల్లం, ఆవాలదే. వీటిలో ఆవాలకూ దోసకూ ఉన్న పొందిక విశేషమైనది. పొడి ఆవపిండిలో ఘాటు దాదాపు ఉండదు. తడి తగిలినప్పుడే అందులోని ఒక ఎంజైము, అంటే రసాయనిక మార్పును నడిపే మాంసకృత్తు, పనిచేసి ముక్కుకు ఎక్కే ఘాటును పుట్టిస్తుంది. దోసముక్కలకు ఉప్పు పట్టించగానే అవి నీరు వదులుతాయి, ఆ నీరే ఆవపిండిని రేపుతుంది, విడిగా నీళ్లు పోయవలసిన పని ఉండదు. దోసావకాయ మొత్తం ఈ ఒక్క చర్య మీద నిలిచి ఉన్నది: తొక్కతోనే తరిగిన గట్టి ముక్కలు, ఉప్పు, ఆవపిండి, కారం, నూనె, కొన్ని గంటల వ్యవధి. మామిడి ఆవకాయ వలె ఇది ఏడాది నిలవదు, ఎందుకంటే దోసలో పులుపు తక్కువ, నీరు ఎక్కువ, కొద్దిరోజుల్లో తినేయవలసిందే. నిలవ ఉండని ఆవకాయ కావడం లోపంగా తోచవచ్చు గాని, పొయ్యి మీద పెట్టకుండా, ముక్క కరకరలాడుతుండగా, కలిపిన పూటే తినదగిన ఈ వంటకాన్ని ఊరగాయల్లో కంటే సలాడ్ల వరుసలో లెక్కించడమే న్యాయం. చింతపండు, పచ్చిమిరపకాయలు నూరి పచ్చి ముక్కల్లో కలిపి పోపు పెట్టే దోసకాయ ముక్కల పచ్చడి, కీర తురుములో పెరుగు కలిపి చేసే పెరుగు పచ్చడి కూడా ఆ వరుసలోనివే.

శ్రీరామనవమి నాటి వడపప్పును ఇక్కడ విస్మరించరాదు. నానిన పెసరపప్పుకు కొబ్బరి తురుము, మామిడి కోరు, కొన్ని ఇళ్లలో సన్నగా తరిగిన కీర ముక్కలు చేర్చి పానకంతోపాటు నివేదించే ఈ ప్రసాదానికి, కన్నడసీమలో అదే పండుగకు చేసే కోసంబరికి దగ్గరి పోలిక ఉన్నది. అక్కడ కీర తప్పనిసరి దినుసుగా నిలిచింది.

సలాడ్ అనే పేరుతో వచ్చిన వంటకం మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయుల భోజనశాలల ద్వారా తెలుగు పట్టణాలకు పరిచయమైంది. వైవర్న్ అన్న కలంపేరుతో కెన్నీ హెర్బర్ట్ అనే సైనికాధికారి 1878లో మద్రాసులో ప్రకటించిన వంటల పుస్తకం సలాడ్లను ప్రత్యేకంగా చర్చించింది. అయితే ఆంగ్లేయుల వెనిగర్, ఆలివ్ నూనె తెలుగు ఇళ్లలో కుదురుకోలేదు. ఉత్తరాది కచుంబర్ పద్ధతిలో కీర, ఉల్లి, టమాటా ముక్కలకు ఉప్పు, కారం, నిమ్మరసం చేర్చడమే ఇక్కడ స్థిరపడింది. పేరు విదేశీయమైనా పులుపు, ఘాటు మళ్లీ పాత దారికే వచ్చాయన్నమాట.

ఇరవయ్యవ శతాబ్దం చివరినాటికి కీర సంవత్సరమంతా దొరికే సరకుగా మారింది. జపనీస్ లాంగ్ గ్రీన్, పూసా సంయోగ్ వంటి రకాలు, ఆ తరువాత పరాగసంపర్కం లేకుండానే గింజలేని కాయలు కాసే పాలీహౌస్ రకాలు సాగులోకి వచ్చి, తొక్క పలుచనై, చేదు దాదాపు కనుమరుగైంది. 1990ల నుంచి కర్ణాటకలోనూ, తరువాత కుప్పం పరిసరాల్లోనూ గెర్కిన్ అనే పిందె కీరను ఒప్పంద పద్ధతిపై పండించి, ఉప్పునీటిలోనో వెనిగర్‌లోనో ఊరవేసి విదేశాలకు పంపుతున్నారు. స్థానిక భోజనంలో దానికి దాదాపు చోటు లేదు. పసుపు దోస మాత్రం దీనికి విరుద్ధమైన దారిలో ప్రయాణించింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెరటిలో వేసవి పాదులుగా దానిని పెంచుతున్నాయి, అక్కడి భారతీయ దుకాణాలు దోసకాయ అన్న తెలుగు పేరుతోనే దానిని అమ్ముతున్నాయి, ఆ కాయను తరిగే ముందు అక్కడ కూడా చేదు చూస్తున్నారు.