చీర మీది నీలం ఎక్కడిది?

గద్వాల చీర నడుమంతా నూలు, అంచు, కొంగు పట్టు. నేతకు ముందే చిలపలకు రంగు వేయిస్తారు. ఇప్పుడు చాలావరకు ఫ్యాక్టరీ రంగులే. అన్నింట్లోకి నీలం కథ పెద్దది. సమాఖ్య అక్కచెల్లెళ్లకు అది చెప్పాలనిపించింది.

ఒకప్పుడు నీలం చెట్టు నుంచే వచ్చేది. మన అలంపురం నుంచి తుంగభద్ర దాటితే కర్నూలు, ఇంకా కిందికి పోతే కడప, నెల్లూరు. అక్కడి రైతులు నీలి పంట వేసేవాళ్లు. ఆకు నానబెట్టి, ఆ నీళ్లను బాగా చిలికితే అడుగున నీలి పేరుకుంటది. ఎండబెట్టి బిళ్లలు చేస్తే ఓడలెక్కి సీమదేశాలకు పోయేది.

జర్మనీలో అడాల్ఫ్ ఫాన్ బేయర్ అని ఒకాయన 1835లో పుట్టిండు. పదమూడో పుట్టినరోజుకు నీలిమందు ముద్ద కొనుక్కున్నాడట! మన పిల్లలైతే మిఠాయి అడుగుతరు. 1865లో దాని మీద పరిశోధన మొదలుపెట్టి, 1880లో చెట్టుతో పని లేకుండా నీలి తయారు చేసిండు. 1905లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ పద్ధతికి ఖర్చు ఎక్కువ, అంగట్లో నడవలేదు.

తర్వాత కార్ల్ హాయ్‌మన్ అనే ఇంకో శాస్త్రవేత్త 1890లో వేరే దారి చూపిండు. బీఏఎస్ఎఫ్ అనే జర్మనీ కంపెనీ ఆ దారి పట్టింది. ముడిసరుకు ఏమిటనుకున్నరు? పెట్టెలో చీరల నడుమ వేసే కలరా ఉండల మందే. బొగ్గు తారులో చవకగా దొరికేది. దాన్ని మార్చే పని నెమ్మదిగా సాగుతుంటే ఒకసారి థర్మామీటర్ పగిలి పాదరసం అందులో పడిందట, ఇక పని చకచకా అయింది. 1897లో ఫ్యాక్టరీ నీలి అమ్మకానికి వచ్చింది.

అప్పటికి మన దేశంలో నీలి పంట 15 లక్షల ఎకరాల పైమాటే. 1914 నాటికి అయిదో వంతు కూడా మిగల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగితే మళ్లీ కొన్నాళ్లు వేసిండ్రు, అంతే. బీహార్ చంపారన్‌లో తెల్లదొరలు తమ నష్టాన్ని శిస్తు పెంచి రైతుల నెత్తిన వేసిండ్రు. 1917లో గాంధీజీ అక్కడికి పోయింది ఆ రైతుల కోసమే.

బేయర్‌ను తప్పుపట్టాలని నాకు లేదు. నేసేవాళ్లకు ప్రతిసారీ ఒకే తీరు రంగు దొరికింది. కానీ మన రైతు చేతిలోకి రావాల్సిన పైసలు జర్మనీ కంపెనీకి పోయినయి.

చెట్టుదైనా ఫ్యాక్టరీదైనా నీలి ఊరికే నీళ్లలో కరగదు. అద్దకం దగ్గర కాస్టిక్ సోడా, హైడ్రోస్ వేసి కరిగిస్తారు. తొట్టిలోంచి తీసిన నూలు పసుపుపచ్చగా ఉంటది, గాలి తగిలితే చూస్తుండగానే నీలమైతది. కాస్టిక్ తగిలితే చర్మం కాలుతది. అద్దకం పని చేసే అక్కలు గ్లౌజులు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టొద్దు.