జాబుకు జవాబు

జాబు అనే మాటలో ఒక ‘వ’ అరిగిపోయింది. అది ఒకప్పటి జవాబే. అరబ్బీలో పుట్టి, పారసీ మీదుగా హిందుస్తానీలోకి, అక్కణ్ణుంచి మన రాయసగాళ్ళ కలంలోకి వచ్చింది. అసలర్థం బదులు. (ఆ బదులు కూడా అరబ్బీదే.)

పోనీ, ఉత్తరం? సంస్కృతంలో అదీ సమాధానమే. హిందీ, కన్నడం, మలయాళం ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడుతున్నాయి. సర్కారు చెప్పిన సమాధానం మనకు ఉత్తర్వు అయింది. మామూలు మనిషి రాసింది ఉత్తరంగా మిగిలింది. దానికి బదులు రాస్తే ప్రత్యుత్తరం, అంటే బదులుకు బదులు!

రెండు భాషల నుంచి రెండు మాటలు తెచ్చుకుని, రెండిటినీ బదులు అనే అర్థం నుంచి లేఖ వైపే ఎందుకు తిప్పాం? నా ఊహ ఇది: పాత ఉత్తరాలు ‘మీ జాబు చేరినది’ అనే మొదలయ్యేవి. ప్రతి ఉత్తరమూ ముందు వచ్చిన దానికి బదులే. మొట్టమొదటిది ఎవరు రాశారని మాత్రం అడక్కండి.

ఈ మాటల బరువు తెలియాలంటే రంగం వెళ్ళినవాళ్ళ కాగితాలు చూడాలి. గోదావరి జిల్లాల వాళ్ళు బర్మాలోని రంగూనును రంగం అనేవారు. అక్కడివాళ్ళు కోరంగి రేవు పేరుతో మనవాళ్ళను ‘కొరంగీలు’ అన్నారు. ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో బరువులు మోసిన చేతులవి. కాకినాడా రంగూనూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉంటాయి. అంటే మన ఇళ్ళకు తిన్నగా తూర్పు నుంచి ఉత్తరం వచ్చేదన్నమాట.

ఆ జాబుల చివర ‘వెంటనే జాబు రాయించగలరు’ అని ఉండేది. రాయగలరు కాదు, రాయించగలరు. ఆ ఒక్క ‘ఇంచు’లో చదువురాని రెండు కొంపలు కనిపిస్తాయి. అక్కడ ఒకరు చెప్పి రాయించుకోవాలి, ఇక్కడ ఒకరు బతిమాలి చదివించుకోవాలి. మధ్యలో గుట్టు ఎక్కడిది? ఆలికి చెప్పాల్సిన మాట కూడా ‘ఇంట్లో అందరినీ అడిగానని చెప్పగలరు’ అన్న వాక్యంలో ఒదిగిపోవాల్సిందే.

1755లో బర్మా రాజు అలౌంగ్‌పాయ ఆ రంగూనుకు యాంగోన్ అని పేరు పెట్టాడు. వైరం ముగిసిందని దాని అర్థం. మన నోట రంగమై, 1941 డిసెంబర్ 23న బాంబులు పడ్డాక నిజంగానే రణరంగమైంది. 1942 మార్చి 8న జపాను సేన ఊళ్ళోకి వచ్చింది. ఓడ దొరకనివాళ్ళు అరకాను కొండలు, మణిపురం దారులు పట్టి నడిచారు. ఏప్రిల్ 6న కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. అటువైపు రాయించిన జాబులకు జవాబు లేకుండా పోయింది.

జవాబు పుట్టిన అరబ్బీ ధాతువుకు దాటడం, తొలవడం అనే అర్థాలు కూడా ఉన్నాయి. సముద్రం దాటి వచ్చిన కార్డును మనవాళ్ళు తీగెకు గుచ్చి చూరుకు వేలాడదీశారు. మీ పాత ఇంట్లో అలాంటి తీగె ఉంటే, పొయ్యిలో పెట్టకముందు చివరి కార్డు మీద తపాలా ముద్ర తేదీ ఒకసారి చదవండి.