ల్యాబ్ బిల్డింగ్ అంటే గోడలేనా? పలాస కిడ్నీ పరిశోధన కేంద్రంతో అసలు లెక్క ఇదీ

కంచిలి: కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలియని ఊరు అరుదు. కారణం ఏంటన్నది సైంటిస్టులు ఇంకా పూర్తిగా తేల్చలేదు. అందుకే పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు పరిశోధన కేంద్రం కూడా కట్టారు. 2019 సెప్టెంబర్ 6న అప్పటి సీఎం జగన్ శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబర్ 14న ఆయనే ప్రారంభించారు. మొదట అనుకున్నది 50 కోట్లు. ప్రారంభం నాటికి చెప్పిన లెక్క 85 కోట్లు.

ఇంతకీ ఇలాంటి బిల్డింగ్‌కి ఎస్టిమేట్ ఎలా వేస్తారు? చదరపు అడుగుకి ఇంత అని గుణిస్తే ఆఫీసుకి సరిపోతుందేమో కానీ ల్యాబ్‌కి కుదరదు.

ముందుగా నీళ్లు. ఒక డయాలసిస్ మిషన్ నిమిషానికి దాదాపు అర లీటరు ద్రావణం వాడుతుంది. నాలుగు గంటల సెషన్‌కి 120 లీటర్లు. పది మిషన్లు రోజుకి మూడు షిఫ్టులు నడిస్తే 3,600 లీటర్లు. అదీ బాగా శుద్ధి చేసిన నీరు. ఆర్వో ప్లాంటు బయటికి వదిలేసే నీళ్లు దీనికి అదనం. భూగర్భ జలాల మీదే అనుమానాలున్న ప్రాంతంలో బోరు వేసి సరిపెట్టలేరు కదా! హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులైన్లతో ఉద్దానానికి నీళ్లు తెచ్చే పథకానికి విడిగా 700 కోట్లు పెట్టారు.

తర్వాత గాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఇక్కడే. తుపాను తీరాల్లో ఆసుపత్రులు, స్కూళ్లకు గాలి వేగాన్ని 1.3 రెట్లు లెక్కేయాలని ఐఎస్ 875 కోడ్ చెబుతోంది. వేగం 1.3 రెట్లయితే ఒత్తిడి 1.69 రెట్లు అవుతుంది. కిటికీలు, పైకప్పు మీది ఏసీ యూనిట్లు, సోలార్ ప్యానెళ్లు అన్నీ దానికి తట్టుకోవాలి.

కరెంటు సంగతి తిత్లీ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పరిశోధన కోసం ఏళ్ల తరబడి దాచే రక్తం, మూత్రం శాంపిళ్లు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో ఉంటాయి. అవి కరిగాయంటే మళ్లీ ఆ పేషెంట్ దగ్గరికి వెళ్లినా పాత శాంపిల్ దొరకదు. అందుకే జనరేటర్ ఒక్కటే చాలదు. అది చెడిపోతే ఇంకోటి, కొన్ని రోజులకి సరిపడా డీజిల్, వరద నీరు తగలని ఎత్తులో గది... ఇవన్నీ మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి.

స్లాబు ఎత్తు కూడా అంతే. కెమికల్స్ వాడే గదుల గాలిని మళ్లీ లోపలికి తిప్పకూడదు, బయటికే పంపాలి. దానికి పెద్ద డక్టులు కావాలి. స్లాబు పోశాక ఎత్తు పెంచలేరు.

చివరిది, ఎక్కువగా మర్చిపోయేది నిర్వహణ పద్దు. ఆర్వో మెంబ్రేన్లు, ఫిల్టర్లు, రీఏజెంట్లు, టెక్నీషియన్ల జీతాలు ఏటా కావాలి. టెండర్‌లో కనిపించేది మాత్రం కట్టే ఖర్చే. ప్రారంభోత్సవం రోజు ఎవరూ అడగని ఈ పద్దు ఎంతుందో ఏటా బడ్జెట్‌లో చూసుకోవాల్సింది ఉద్దానం జనమే.