కుష్ఠు చికిత్స తరువాత మిగిలే నరాల బాధలు

మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి చర్మాన్నీ, చర్మానికి దగ్గరగా సాగే నరాలనూ ఆశ్రయించడం వల్ల కుష్ఠువ్యాధి వస్తుంది. నిర్ణీత మందుల కోర్సు ముగిసిన తరువాత కూడా కొందరు రోగుల్లో తిమ్మిరి, నరాల నొప్పి, చేతివేళ్లు వంకరపోవడం, పాదం జారిపోవడం వంటి బాధలు నిలిచిపోతాయి, లేదా కొత్తగా తలెత్తుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సూచించగా, మన దేశంలో 1983 నుంచి విస్తరించిన బహుళ ఔషధ చికిత్సలో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ ముఖ్యమైనవి. మచ్చలు ఐదు వరకు ఉంటే 6 నెలలు, అంతకు మించితే 12 నెలలు వాడటం పరిపాటి. క్రిములు తొలి మోతాదులకే చాలావరకు చచ్చినా వాటి అవశేషాలు నరాల్లో ఏళ్ల తరబడి ఉండి, శరీర రక్షణ వ్యవస్థ వాటిపై విరుచుకుపడినప్పుడు నరం వాచి దెబ్బతింటుంది కనుక, అదే యాంటీబయాటిక్‌ను పొడిగించడం ఈ బాధకు మందు కాదు. పిడుదులు కుట్టడం వల్ల సోకే లైమ్ వ్యాధిలోనూ ఇదే చర్చ నడిచింది: నెదర్లాండ్స్‌లో జరిగి 2016లో వెలువడిన పరీక్షలో, రెండు వారాల చికిత్సపై మరో 12 వారాలు యాంటీబయాటిక్ వాడినవారికి ఉత్తుత్తి మాత్రలు వాడినవారికన్నా అదనపు మేలు కనిపించలేదు.

వాచిన నరానికి ఇచ్చేది ప్రెడ్నిసోలోన్ అనే స్టిరాయిడ్. మోతాదు క్రమంగా తగ్గిస్తూ నెలల పాటు ఇస్తారు. భారత్‌తో సహా కొన్ని ఆసియా దేశాల్లో జరిగి 2017లో వెలువడిన పరీక్షలో 20 వారాల కోర్సుకన్నా 32 వారాల కోర్సు మెరుగని తేలలేదు. వ్యవధికన్నా ఆరంభమే కీలకం: స్పర్శ పోయి 6 నెలలు దాటితే స్టిరాయిడ్ వల్ల కోలుకునే అవకాశం తక్కువ. క్షయ, కడుపులో నులిపురుగులు ఉన్నాయేమో ముందుగా చూడటం తప్పనిసరి, ఎందుకంటే స్టిరాయిడ్ వాటిని రెచ్చగొడుతుంది.

ఈ 6 నెలల గడువు భద్రాచలం అడవి అంచున సులభంగా దాటిపోతుంది. చర్ల, దుమ్ముగూడెం మండలాలకు ఆవల ఉన్న ఛత్తీస్‌గఢ్ దేశంలో కుష్ఠు అధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి; అక్కడి నుంచి వలస వచ్చిన గొత్తికోయల గూడేల్లో నొప్పి పెట్టని తిమ్మిరిని ఎవరైనా జబ్బుగా లెక్కించడం కష్టమే. స్పర్శ లేని పాదంతో పోడు నరికిన మోళ్ల మీద నడిచేవారికి, తునికాకు కోసేవారికి పుండ్లు పడటం మందులకన్నా ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులతో, రోజూ పాదాలను నీళ్లలో నానబెట్టి నూనె రాసుకోవడంతో ఆగే సమస్య. జారిన పాదానికి, వంగిన వేళ్లకు స్నాయువు మార్పిడి శస్త్రచికిత్స ఉంది.

యాంటీబయాటిక్ మళ్లీ అవసరమయ్యేది వ్యాధి నిజంగా తిరగబెట్టినప్పుడు మాత్రమే. కోర్సు ముగిసిన చాలాకాలానికి కొత్త మచ్చలు మెల్లగా పుట్టి, చర్మపు స్మియర్‌లో క్రిములు కనిపిస్తే బహుళ ఔషధ చికిత్సను మొదటి నుంచి ప్రారంభిస్తారు.