సూక్ష్మరంధ్రపు పనివారు

బురైమిని గూర్చి వ్రాసినవారు కోటలను గూర్చియు, సరిహద్దు తగవులను గూర్చియు విస్తారముగా వ్రాసిరి కాని, ఆ యెడారి తోవలలో బండ్లను నడిపించిన చేతిపనిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఒమాన్ దేశపు హజర్ పర్వతములకు పడమట, ఇసుకతిన్నెల యంచున, ఖర్జూరవనముల నడుమ వెలసిన తొమ్మిది గ్రామములలో బురైమి, హమాసా, సఆరా అను మూడు మస్కట్ సుల్తానునకును, తక్కిన ఆరు అబూధాబీ షేకునకును చెందియుండెను. ఈ గ్రామములన్నిటికి ప్రాణాధారము ఫలజ్ అను నీటికాలువ. కొండపాదమున భూగర్భమందు పుట్టిన నీరు సొరంగమువెంట వచ్చి తోటలకు పారును. ఒమాన్ దేశమున ఆ నీటిని పగలు నీడను బట్టియు, రాత్రి నక్షత్రములను బట్టియు కాలము లెక్కించి, వంతులవారీగా పంచుకొనుచుండిరి. ఒకని వంతు ముగియగానే వాని మడవకు మట్టిపెళ్లతో అడ్డువేసి, పొరుగువాని మడవ తెరచుటయే ఆచారము. పారుచున్న ద్రవమును ఒక సన్నని ద్వారముచే కొలిచి యిచ్చుట యన్న ఈ పనినే, గోరంత ఇత్తడిముక్కలో ఇమిడ్చినచో అది మోటారుసైకిలు కార్బురేటరులోని జెట్టు అగును.

1948లో ఆంగ్లేయ యాత్రికుడు విల్ఫ్రెడ్ థెసిగర్ ఈ ఒయాసిస్సునకు వచ్చి, మువైజీ గ్రామములో అబూధాబీ పక్షమున అచటి అధికారియైన షేక్ జాయెద్ ఆతిథ్యమును స్వీకరించినపుడు ఒంటెమీదనే వచ్చెను. అటుపై ఏడేండ్లు తిరుగకమున్నే ఈ ప్రాంతపు రాజకీయమంతయు మోటారు చక్రములమీదికి ఎక్కినది. చమురు దొరకునన్న యాశతో 1952 ఆగస్టులో సౌదీ ప్రభుత్వ ప్రతినిధి తుర్కీ ఇబ్న్ ఉతైషాన్ సుమారు నలువదిమంది సాయుధులతో హమాసాలో విడిసెను. 1955 అక్టోబరు 26వ తేదీన ట్రూషల్ ఒమాన్ లెవీస్ అను బ్రిటిషువారి అధీనమందలి సేన సౌదీ పక్షమును అచటినుండి వెడలగొట్టెను. ఆ డిసెంబరులోనే మస్కట్ సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ దక్షిణతీరమందలి సలాలా నుండి బయలుదేరి, ట్రక్కుల పరివారముతో ఎడారిని దాటి నిజ్వాకును, పిమ్మట బురైమికిని వచ్చెను. ఆ యాత్రలో వెంటనున్న పత్రికారచయిత జేమ్స్ మారిస్ దానిని 1957లో గ్రంథముగా వెలువరించెను.

రాజులును, సేనానులును ఆ కథలలో కనబడుదురు. కాని ఆనాటి లాండ్‌రోవర్ పెట్రోలు ఇంజనుకు సోలెక్స్ కార్బురేటరు ఉండెడిదనియు, దానిలో ఇసుకరేణువు చేరి జెట్టు మూసికొనిపోయినచో ఎంతటివాని యాత్రయైనను అచ్చటనే నిలిచిపోవలసినదేననియు తలచుకొనిననాడు, బండి క్రింద పరుండి మర విప్పిన పనివానికి చరిత్రలో ఒక వాక్యమైనను దక్కలేదే యని నాకు మనసు నొచ్చును. తీరమునందలి సొహార్ నుండి బురైమికి వాదీ జిజ్జీ కనుమగుండా సుమారు నూరు కిలోమీటర్లు. 1970లో సుల్తాన్ ఖాబూస్ సింహాసనమెక్కునాటికి ఒమాన్ దేశమంతటను తారురోడ్డు పది కిలోమీటర్లు మాత్రమే యుండెనని చెప్పుదురు. అట్టిచోట క్రొత్త జెట్టుకై ఎదురుచూచుటకంటె ఉన్నదానినే బాగుచేసికొనుట సహజధర్మమైనది. దూరమే ఈ విద్యకు గురువు.

జెట్టు వయస్సు పెద్దది కాదు. తొలి ఇంజనులలో పెట్రోలు తలముమీదుగా గాలిని పోనిచ్చి ఆవిరిని పట్టుకొనుచుండిరి. 1893లో జర్మనీయందు విల్హెల్మ్ మేబాక్, హంగరీయందు దొనాత్ బాంకి, యానోష్ చొంకా అను నిద్దరును, సన్నని ముక్కునుండి పెట్రోలును తుంపరలుగా చిమ్మించు పద్ధతిని వేర్వేరుగా రూపొందించిరి. 1927లో ఇంగ్లండునందు మూడు సంస్థల కలయికచే ఆమల్ అను కార్బురేటరుల సంస్థ ఏర్పడినది. జపానుదేశపు మికునీ సంస్థ 1960లో ఆమల్ అనుమతిపత్రము పొందెను. 1955లో మద్రాసునందు బుల్లెట్ మోటారుసైకిళ్లును, 1961 ప్రాంతమున మైసూరునందు జావాలును, 1985లో యమహా ఆర్.ఎక్స్. నూరును రాగా, తెలుగునాట ప్రతి పట్టణమునను ఒక చెట్టునీడనో, రేకులషెడ్డుననో కార్బురేటరు విప్పు మేస్త్రీ వెలసెను. ఆ మేస్త్రీవద్ద పానాలు అందించు కుర్రవాడుగా చేరి, చివాట్లు తిని, పని పట్టుబడిన పిమ్మట సొంత దుకాణము పెట్టుటయే ఈ వృత్తిలో విద్యాభ్యాసము. 1970ల తరువాత కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి మండలములనుండి గల్ఫునకు వెడలిన వేలాదిమంది తమ చేతిపనిని కూడ వెంటగొనిపోయిరి.

ఇక ఆ పనిని దగ్గరగా చూడవలెను. ఎండ యాబది డిగ్రీలను సమీపించు ఆ సీమలో, ఒక వేసవి కదలక నిలిచిన బండిలోని పెట్రోలు ఆవిరియై, లక్కవలె జిగురుపొరను మిగిల్చును. కార్బురేటరు ఒడలు జింకు లేక అల్యూమినియపు పోత, జెట్టు ఇత్తడి. తేమ తగిలినచో ఈ రెండు లోహముల నడుమ తెల్లని చిలుము పుట్టి మరలను బిగబట్టును. అపుడు తొందరపాటువాడు చేతికందిన స్క్రూడ్రైవరును దూర్చి త్రిప్పును. మెత్తని ఇత్తడిగాడి చెదరిపోవును. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు పెట్రోలునిచ్చు పైలట్ జెట్టు లోతైన బావివంటి రంధ్రపు అడుగున నుండుటచే, గాడి పోయిన పిమ్మట పట్టుకొనుటకు ఏమియు మిగులదు.

అనుభవజ్ఞుడైన మేస్త్రీ మొదట ఏ పనిముట్టును చేతబట్టడు. ఫ్లోటును, రబ్బరు వాషరులను తీసివేసి, పెట్రోలు చుక్కయైనను లేకుండ కడిగి ఆరబెట్టి, తుప్పు వదిలించు నూనెను చుక్కచుక్కగా వేసి రాత్రియంతయు నానబెట్టును. మరునాడు మరుగునీటిలో ముంచి తీయును. ఇందులో మంత్రమేమియు లేదు. నూరు డిగ్రీల వేడికి మీటరు పొడవున ఇత్తడి సుమారు 1.9 మిల్లీమీటర్లు, అల్యూమినియము 2.3, జింకుపోత అంతకంటె ఎక్కువగా వ్యాకోచించును గనుక, చుట్టునున్న ఒడలు జెట్టుకంటె ఎక్కువ పెరిగి పట్టు సడలించును. పిమ్మట స్క్రూడ్రైవరు కొనను ఆకురాయితో, మిగిలిన గాడి వెడల్పునకు సరిగా, రెండు ముఖములును సమాంతరముగా ఉండునట్లు అరగదీసి, నిలువుగా నొక్కిపట్టి త్రిప్పును. సామాన్యపు స్క్రూడ్రైవరు కొన ఏటవాలుగా నుండుటచే గాడినుండి పైకి ఎగదన్నును. అరగదీసిన కొన గాడిని నిండుగా ఆక్రమించును. అనేక జెట్లు ఇచ్చటనే లొంగును.

లొంగనిచో, తల పైకి కనబడు జెట్టునకు రంపపు బ్లేడుముక్కతో క్రొత్తగాడి కోయును. లోతున నున్నదానికి ఎడమచుట్టు డ్రిల్లుబిట్టును వాడును. అది త్రవ్వుచునే మర విప్పు దిక్కునకు త్రిప్పును గనుక, పలుమారులు జెట్టు దానితోనే వెలికి వచ్చును. అటుపిమ్మటిది ఎక్స్‌ట్రాక్టరు. సూదికొనగల ఈ ఉక్కుపనిముట్టును బలముగా దిగగొట్టినచో పలుచని ఇత్తడిగోడ వెలుపలికి ఉబ్బి మరింత బిగియును. అది లోపలనే విరిగినచో ఆ గట్టి ఉక్కును మామూలు బిట్టు తెగకోయజాలదు. అందుచే పాతకాలపువారు దానిని కట్టకడపటి ఉపాయముగానే యెంచిరి. తుదకు మర లోతునకు లోబడిన బిట్టుతో జెట్టు నడుమభాగమును తొలిచి, మిగిలిన పలుచని ఇత్తడిచుట్టను సూదితో లోపలికి మడచి లాగుదురు. ఒడలి మరలు చెడకుండుటయే ఈ శ్రమకంతకును ప్రయోజనము.

జెట్టు ఇత్తడిది, ఇత్తడిలో అధికభాగము రాగి. బురైమికి తూర్పునగల వాదీ జిజ్జీ మొదలగు ఒమాన్ కొండల రాగియే, నాలుగువేల యేండ్లకు పూర్వము మగన్ దేశపు రాగియను పేర మెసొపొటేమియా మట్టిపలకలకు ఎక్కినది. వాదీ జిజ్జీ గనులను 1980లలో మరల తెరచిరి. ఆ కనుమ త్రోవనే మోటారులు బురైమికి వచ్చుచుండును.

2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారతదేశమున వాహనపు పొగను అదుపుచేయు బి.ఎస్. ఆరు నిబంధన అమలులోనికి వచ్చుటచే క్రొత్త మోటారుసైకిళ్లు ఇంజెక్షను పద్ధతికి మారినవి. ఇట్లు కార్బురేటరు ఒక తరపు విద్యగా మిగులుచున్న దినములలో, ఆ విద్యలోని అత్యంత సున్నితమగు భాగము జెట్టుమీది అంకెను చదువుట యని గ్రహింపవలెను. ఆమల్ జెట్టుమీది అంకె నిమిషమునకు ఎన్ని ఘన సెంటీమీటర్ల పెట్రోలు పారునో తెలుపును. జపానుదేశపు కీహిన్ సంస్థ జెట్టుమీది అంకె రంధ్రపు వ్యాసమును మిల్లీమీటరులో నూరవవంతులలో సూచించును. ఒకదాని యంకెను చూచి మరొకదానిని బిగించినవాని ఇంజను కుదురుగా నడువదు. ఒక మిల్లీమీటరు రంధ్రమును తీగతో పొడిచి 1.05 చేసినచో దాని వైశాల్యము నూటికి పది పాళ్లు పెరుగును. బండి పొగ క్రక్కును. కావున డ్రిల్లు దింపుటకు ముందే మేస్త్రీ దీపము దగ్గరకు తెచ్చి ఆ యంకెను చదివి, సుద్దముక్కతో గోడమీద వ్రాసికొనును. తొలిచిన పిమ్మట ఆ యంకె మరి దొరకదు.